అనుపానం మీద నెపం

గోదావరి వంతెనకు ఇవతల సారపాక, అవతల భద్రాచలం. ఈ చుట్టుపక్కల ఎవరికైనా క్యాన్సర్ అని తేలితే బయాప్సీ కాగితం ఇల్లు చేరేలోపే సలహాలు చేరతాయి. పసుపు దేశవాళీ ఆవుపాలలో కలిపి తాగించండి, మిరియాల పొడి మరవకండి, ఫలానా ఆకు పసరు అడవి తేనెతో నాకించండి. కోయ మందు అని అమ్మే ప్రతివాడూ కోయ కాదు, పేరు మాత్రం వాళ్లది. మందు ఏమిటన్న దానికంటే దాన్ని దేనితో పుచ్చుకోవాలన్న దానిమీదే పట్టింపు ఎక్కువ. రోగం ముదిరిందా, తప్పు మందుది కాదు. పాలు జెర్సీ ఆవువి, తేనె కొట్లో కొన్నది, లేదా పథ్యం తప్పింది.

మందుతో కలిపి పుచ్చుకునే పాలు, తేనె వంటి వాటినే అనుపానమంటారు. అనుపానమంటేనే బూటకమని కొట్టిపారేస్తే పని సులువయ్యేది. కానీ అందులో కొంత నిజముంది. పసుపులో నూటికి మూడు పాళ్లు ఉండే కర్క్యుమిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పేగు దాటిన కాస్తనీ కాలేయం రూపు మార్చి బయటికి పంపేస్తుంది. మిరియాల్లోని పిపెరిన్ ఆ పనికి అడ్డుపడుతుంది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు ఆరోగ్యవంతులకు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పిపెరిన్ ఇస్తే, ఒంటికి పట్టినది 20 రెట్లు పెరిగింది. పసుపు మాత్రల ప్రచారమంతా నడిచేది ఈ అంకె మీదే. అయితే ఒక్క కర్క్యుమిన్ ఇచ్చినప్పుడు రక్తంలో కనబడింది దాదాపు శూన్యం. దాన్ని ఇరవైతో హెచ్చవేస్తే ఎంతవుతుంది?

పాల సంగతీ అంతే. 2008లో గువాహటి ఐఐటీ వాళ్లు పాలలోని కేసిన్ ప్రొటీన్‌లో కర్క్యుమిన్‌ను ఇమిడ్చి, గాజుపాత్రలో పెంచిన క్యాన్సర్ కణాలపై పోశారు. కణాలు చచ్చాయి. అందుకు పది మైక్రోమోలార్లకు పైనే గాఢత కావలసివచ్చింది. 2001లో ప్రచురితమైన తైవాన్ పరీక్షలో మనుషులు రోజుకు 8 గ్రాముల శుద్ధ కర్క్యుమిన్ మింగినా రక్తంలో తేలింది రెండు మైక్రోమోలార్లకు లోపే. ఆ 8 గ్రాములు పసుపు నుంచే రావాలంటే రోజూ పావుకిలోకు పైగా తినాలి. పైగా గాజుపాత్రకు జీర్ణాశయం లేదు. మన కడుపు కేసిన్‌ను అరిగించేస్తుంది.

మన పెరళ్లలో పూసే బిళ్లగన్నేరు కథ ఇంకా ముచ్చటైనది. మధుమేహానికి దాని ఆకు కషాయం మంచిదన్న జమైకా నమ్మకాన్ని 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ పరీక్షకు పెట్టారు. ఎలుకలకు నోటి ద్వారా ఇస్తే చక్కెర తగ్గలేదు, ఏమీ కాలేదు. సూదితో ఎక్కిస్తే తెల్లరక్తకణాలు పడిపోయి ఇన్ఫెక్షన్లతో చచ్చాయి. వాళ్లు ఆకును పొగిడి ఊరుకోలేదు, ఎందుకు చచ్చాయని అడిగారు. విన్‌బ్లాస్టిన్ అలా బయటపడింది, దాని వెనకే విన్‌క్రిస్టిన్. ఇవాళ పిల్లల రక్తక్యాన్సర్‌కు విన్‌క్రిస్టిన్‌ను కొలిచి నరంలోకే ఎక్కిస్తారు. పొరపాటున వెన్నులోకి వెళితే ప్రాణమే పోతుంది. ఆ ఆకునే నూరి తేనెతో నాకించడం వైద్యం కాదు, కొలత లేని జూదం.

పనిచేసే అనుపానం చెడు కూడా చేయగలదు. ఇది అమ్మేవాళ్లు చెప్పరు. కాలేయాన్ని పసుపు విషయంలో ఆపిన పిపెరిన్ మిగతా మందుల విషయంలో ఊరుకుంటుందా? 2019లో రోటర్‌డామ్ వైద్యులు రొమ్ము క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ వాడుతున్నవాళ్లకు కర్క్యుమిన్, పిపెరిన్ కలిపి ఇచ్చి చూశారు. ఆ మందు ఒంట్లో మారి పనిచేసే రూపం రక్తంలో సుమారు 12 శాతం తగ్గింది. పసుపు మాత్రలతో కాలేయం దెబ్బతిన్న పదిమంది వివరాలు అమెరికా వైద్యులు 2023లో ప్రచురించారు. ఒకరు చనిపోయారు. పరీక్షించిన మాత్రల్లో కొన్నిటిలో మిరియాల సారం దొరికింది. కూరలో వేసే చిటికెడు పసుపుకు ఈ గొడవ లేదు, దాని జోలికి నేను పోను.

అనుపానం మీద పట్టింపు క్యాన్సర్‌తోనే ఆగదు. మృగశిర కార్తెకు హైదరాబాద్‌లో ఉబ్బసానికి పంచే చేపమందు చూడండి. పసుపుపచ్చ ముద్దను కొర్రమీను పిల్ల నోట్లో పెట్టి బతికుండగానే మింగిస్తారు. చేప గొంతులో ఈదుకుంటూ పోయి మందును చేరవేస్తుందట. శాకాహారులకు అదే ముద్ద బెల్లంతో. ఈదే చేపకూ కదలని బెల్లానికీ ఫలితం ఒకటే అయితే ఇక చేపెందుకు? ఈ ప్రశ్న జనవిజ్ఞాన వేదిక వంటి సంఘాలు అడుగుతూనే ఉన్నాయి, క్యూ కదులుతూనే ఉంది.

క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి మందులు, మాయచికిత్సల చట్టం కింద నేరం. అందుకని పసుపు, మిరియాల మాత్రల సీసా మీద ఆహారమనే రాస్తారు. ఆహారమన్నాక రోగం తగ్గించిందా లేదా అని పరీక్షించి చూపించే బాధ్యతా ఉండదు. క్యాన్సర్ మాట ఆ చీటీ మీద ఎక్కడా కనిపించదు. కౌంటర్ దగ్గర గొంతు తగ్గించి అడిగితే, ఏ పాలతో ఎన్ని పూటలు వేసుకోవాలో కూడా చెబుతారు.