చెయ్యెత్తని ట్రాక్టరు

పోయిన జ్యేష్ఠమాసంలో నాలుగు రోజులుండి మామిడిపళ్ళు తిని వద్దామని తెనాలి దగ్గర మా అక్కయ్యగారి ఊరు వెళ్ళాను. తీరా వెళ్ళేసరికి ఇంట్లో మామిడిపళ్ళ వాసనకు బదులు డీజిలు వాసన వేస్తున్నది. మా బావగారు వీధి అరుగుమీద తలకు చెయ్యి ఆనించుకుని కూర్చున్నారు. ఎదురుగా చింతచెట్టు కింద వారి ఎర్ర ట్రాక్టరు, వెనక తొమ్మిది కర్రుల గొర్రు తగిలించుకుని, అదీ అలాగే దిగాలుగా నిలబడి వున్నది.

"ఏం బావగారూ, ఒంట్లో బాగాలేదా?" అన్నాను.

"నా ఒంటికేం, దాని ఒంట్లోనే బాగాలేదు. ప్రొద్దున ఎత్తుతుంది, మధ్యాహ్నం ఎత్తదు" అన్నారు.

మా ఆఫీసులో కూడా అటువంటివారు ఇద్దరు ముగ్గురు వున్నారు గనక నేనేమీ ఆశ్చర్యపోలేదు. కాని సంగతి నవ్వులాట కాదు. కాలవకు నేడో రేపో నీళ్ళు వదులుతారు. పొడి దుక్కి ఇంకా సగం మిగిలివుంది. ఈ ట్రాక్టరు 1970ల నాటిది. మా బావగారి తండ్రి కొన్నది. ఇంజను ఇప్పటికీ గంట కొట్టినట్టు పలుకుతుంది. వెనక గొర్రును పైకెత్తే లిఫ్టు మాత్రం ఎండ ఎక్కేకొద్దీ నీరసపడిపోతున్నది. ఎత్తినా నిలవదు. ఎత్తడం, కాస్త దిగడం, మళ్ళీ ఎత్తడం - తల ఊపుతూ పురాణం వినే ముసలమ్మలాగా.

ఇంతకన్న పెద్ద సంగతి అక్కయ్య వంటింట్లో చెప్పింది, గొంతు తగ్గించి. నేను రావడానికి మూడు రోజుల ముందు, మా మేనల్లుడు గొర్రు ఎత్తి, ఇంజను ఆపి, కర్రులకు చుట్టుకున్న తుంగ లాగడానికి దాని కింద దూరాడట. వాడు తుంగ లాగుతూ వుండగానే గొర్రు దిగిపోయింది. వాడు చటుక్కున కాలు తీసుకున్నాడు గనక కాలు దక్కింది. చెప్పు దక్కలేదు. ఆ చెప్పు అక్కయ్య దాచి వుంచింది. నాకు చూపించింది. మధ్యగా కర్రు దిగిన చీలిక.

"అమ్మెయ్యమంటున్నాను. మీ బావ వినరు. నువ్వైనా చెప్పరా" అన్నది.

బావగారు అప్పటికే పట్నంలో ఒక షెడ్డుకు తీసుకువెళ్ళి చూపించారు. అక్కడివారు బానెట్టు కూడా ఎత్తకుండానే, "పంపు పోయిందండీ, కొత్తది వెయ్యాలి" అని, వేలల్లో ఒక అంకె చెప్పారట. ఆ అంకె విన్న తరువాతే తలకు చెయ్యి ఆనింది.

ట్రాక్టరుతో మనకేం పని అని పేజీ తిప్పబోయేవారు ఒక్క నిమిషం ఆగాలి. మంగలి షాపులో మిమ్మల్ని కూర్చోబెట్టి కాలితో నాలుగు తొక్కులు తొక్కి పైకి లేపే కుర్చీ వున్నదే, అది దీనికి పినతల్లి బిడ్డ. మూసిన పాత్రలో వున్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ ఒకే తీరుగా వ్యాపిస్తుందని పదిహేడో శతాబ్దంలో పాస్కల్ అనే ఫ్రెంచి ఆయన చెప్పాడు. మనమంతా స్కూల్లో బట్టీపట్టి మరిచిపోయాం. ట్రాక్టరు కడుపులో ఒక పంపు నూనెను తోస్తుంది. ఒత్తిడి చదరపు అంగుళానికి రెండు వేల పౌండ్లు దాటుతుంది. కారు టైరులో గాలి ఒత్తిడి ముప్పై పౌండ్లు, అంతే. మూడంగుళాల వెడల్పు పిస్టను అనుకోండి. దాని ముఖం ఏడు చదరపు అంగుళాలు. అంటే పద్నాలుగు వేల పౌండ్ల తోపు - ఆరు టన్నుల పైమాట. ఆ తోపుకు రెండు ఇనప చేతులు లేస్తాయి. చేతులకు కడ్డీలు, కడ్డీలకు గొర్రు.

బావగారి ట్రాక్టరులో వున్నది ఫెర్గూసన్ పద్ధతి. ఈ హారీ ఫెర్గూసన్ ఐర్లండు రైతుబిడ్డ. 1909లో తాను కట్టుకున్న విమానం ఎక్కి ఎగిరి, ఐర్లండులో మొట్టమొదట ఎగిరినవాడనిపించుకున్న ఘనుడు. 1917లో ట్రాక్టర్ల పనితీరు కనిపెట్టమని అక్కడి వ్యవసాయ శాఖవారు ఆయనకు అప్పగించారు. ఆ రోజుల్లో నాగలిని ట్రాక్టరు వెనక గొలుసుతో కట్టి బండిలా లాగించేవారు. నాగలి ఏ రాయికో తట్టుకుంటే చక్రాలు ఆగవు గదా, ట్రాక్టరే ముందు కాళ్ళెత్తి వెనక్కు తిరగబడేది. తోలేవాడు దానికింద. అట్లా ఎంతమందో పోయారు. నాగలీ ట్రాక్టరూ రెండు కాదు, ఒకటే యంత్రం కావాలని ఫెర్గూసన్ పట్టుపట్టి, మూడు కడ్డీలతో కలిపి, నూనె ఒత్తిడితో ఎత్తి దింపే ఏర్పాటు చేశాడు. అంతేకాదు, నేల గట్టిపడి నాగలి బరువుగా లాగితే పై కడ్డీ ఆ ఒత్తిడిని ఒక స్ప్రింగుకు చెపుతుంది, స్ప్రింగు కవాటానికి చెపుతుంది, లిఫ్టు నాగలిని రవంత పైకి తీస్తుంది. ఎడ్ల నాగలి పట్టిన ముసలి రైతు చెయ్యి చేసే పనే అది.

1938లో హెన్రీ ఫోర్డుతో కాగితం లేకుండా చేతిలో చెయ్యి వేసి వ్యాపారం కుదుర్చుకున్నాడు. హెన్రీ మనుమడి హయాంలో అది చెడి, కోర్టుకెక్కి, 1952లో తొంభై రెండున్నర లక్షల డాలర్లకు రాజీ అయింది. (ఆస్తి పంపకాలు నోటిమాట మీద చేసుకునే మా ఊరి పెద్దలకు ఈ సంగతి చెప్పాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను.) ఎవరెస్టు ఎక్కిన హిల్లరీ 1958 జనవరిలో దక్షిణ ధ్రువానికి చేరింది కూడా ఈ ఫెర్గూసన్ ట్రాక్టర్లమీదనే. అటువంటి వంశంలో పుట్టిన బండి మా బావగారి చింతచెట్టు కింద గొర్రు ఎత్తలేక నిలబడింది.

మర్నాడు ప్రొద్దున్నే పక్క ఊరినుంచి ఒక ముసలి మేస్త్రీని పిలిపించారు. బక్కగా, తెల్లగడ్డంతో, చంకలో గోనెసంచి. సంచిలో పానాలు, టార్చిలైటు, ఒక అట్టముక్క. అట్టముక్క ఎందుకో నాకు బోధపడలేదు.

ఆయన ముందుగా గొర్రు ఎత్తించాడు. దానికింద రెండు వైపులా రెండు చింత దిమ్మలు పెట్టించాడు, జానెడు సందు వదిలి. ఇంజను ఆపించాడు. బీడీ ముట్టించి కూర్చున్నాడు. బీడీ అయిపోయేలోపల గొర్రు చడీచప్పుడూ లేకుండా దిగి దిమ్మలమీద కూర్చుంది.

"అయ్యగారూ, ఇంజను ఆగిపోయిందిగదా. అంటే పంపు కూడా ఆగిపోయినట్టేగా? మరి గొర్రును పట్టుకుని వుంచాల్సింది ఎవరు? పైన వున్న నూనె. అది ఎక్కడికో పోతున్నది. దొంగ ఎక్కడున్నాడో చూడకుండా ఇంటి యజమానిని మార్చమంటే ఎట్లా?" అన్నాడు.

ప్రొద్దున ఎత్తి మధ్యాహ్నం ఎత్తకపోవడానికి కారణం కూడా అదే. చల్లగా వున్నప్పుడు నూనె చిక్కగా వుంటుంది. సందున్నా తొందరగా జారదు. వేడెక్కితే పలచబడుతుంది, ఆ సందులోంచే ధారకడుతుంది. పంపు ఎంత తోసినా చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే.

గొర్రు ఊడదీసి, నూనె కొంత తీసి, కుడిపక్క మూత విప్పాడు. లోపల నూనె చూసి "అల్లా!" అన్నాడు. పాలెక్కువైన కాఫీలా వున్నది. ఇది గేర్లకూ లిఫ్టుకూ ఒకటే నూనె, ముప్పై లీటర్లదాకా పడుతుంది. ఏటా దమ్ము చేసేటప్పుడు ఇరుసు దాకా బురదలో దిగుతుంది గదా, అక్కడి సీళ్ళు అరిగి బురదనీళ్ళు లోపలికి పోయాయి. బావగారు నేల చూపులు చూశారు. నూనె మార్చి ఎన్నాళ్ళయిందని మేస్త్రీ అడగలేదు. అక్కయ్య అడిగింది.

ఇప్పుడు అట్టముక్క బయటకు వచ్చింది. లిఫ్టు చేతులకు రెండు బస్తాల ఇసుక కట్టించి, ఇంజను వేయించి, చేతులు ఎత్తించి, టార్చి వేసి లోపలికి చూస్తున్నాడు. బావగారు ఉత్సాహంగా, "ఇక్కడినుంచేనా కారేది?" అంటూ వేలు పెట్టబోయారు. మేస్త్రీ ఆ చేతిమీద ఒక్కటిచ్చాడు! ఊళ్ళో అంతటి మనిషిని ఎవరూ కొట్టి ఎరగరు.

"వేలు పెట్టకండి. ఆ ఒత్తిడితో వచ్చే నూనె సూదిలాగా చర్మంలోకి దిగిపోతుంది. పైకి చీమ కుట్టినంతే కనపడుతుంది. తరువాత వేలే తియ్యాల్సి వస్తుంది" అని, తాను మాత్రం దూరంగా ఒక కర్రకు కట్టిన అట్టముక్కను మెల్లగా జరిపాడు. ఒకచోట అట్టమీద నూనె చారిక చిమ్మింది. పంపునుంచి పైకి వెళ్ళే నిలువు గొట్టం అడుగున. ఇంకా పైన, పిస్టను వుండే సిలిండరు నోటిదగ్గర కూడా బొట్లు బొట్లుగా రాలుతున్నది.

నూనె అంతా వంపేశాక సీటు తీసి, దానికింద చిన్న మూత తీసి, గొట్టాన్ని పైకి లాగాడు. దాని అడుగున నల్లటి రబ్బరు ఉంగరం. చిటికెనవేలితో నొక్కితే బొగ్గులా పెళుసుగా వున్నది, ఒకచోట పంటిగాటంత తెగి వున్నది. కొత్తది రెండు కాఫీల ఖరీదు చెయ్యదు.

"ఇక వేసెయ్యి, బిగించెయ్యి" అన్నారు బావగారు, మొహం వికసించి.

"వేస్తాను. రేపు ఇరవై నూనె బొట్లకు బదులు ఐదు పడతాయి. వచ్చే ఏడు మళ్ళీ ఇరవై అవుతాయి. అబ్బాయి దాని కిందనే పని చేస్తాడుగదా?" అన్నాడు మేస్త్రీ.

బావగారు మరి మాట్లాడలేదు. సర్వీ బాదులతో ముక్కాలి కట్టి, చెయిన్‌బ్లాకు తగిలించి, లిఫ్టు చేతులతో సహా పై మూత మొత్తం ఎత్తారు. మూతకు అడుగున సిలిండరు. అందులోంచి పిస్టను ఊడివచ్చాక దాని చుట్టూ వుండే వలయాలు ఎంత అరిగాయో కళ్ళులేనివాడికి కూడా తెలిసింది. సిలిండరు లోపలి గోడను మేస్త్రీ వేలి కొసతో తడిమి తడిమి చూశాడు. గీతలు పడివుంటే వలయాలు మార్చినా లాభం లేదట. అదృష్టవశాత్తు గీతలు లేవు. అడుగున నూనె పీల్చే జల్లెడ విప్పితే మాత్రం మెత్తటి బురద, గడ్డిపీచు, ఏనాటిదో ఒక గుడ్డపేలిక. పేలిక చూసి అక్కయ్య, "ఇది మా మామగారి ఎర్రగళ్ళ తువ్వాలు!" అన్నది. ఆయన పోయి పన్నెండేళ్ళయింది.

కడగడం ఒక పూట, సీళ్ళు మార్చడం ఒక పూట. వాటి వర్ణన మీకెందుకు? మూత తిరిగి దించడం మాత్రం పెళ్ళిలో ముహూర్తమంత హడావిడి అయింది. మూతనుంచి కిందికి వేళ్ళాడే మీటలు పంపు కవాటం దగ్గర తమ తావులోనే కూర్చోవాలి. తప్పితే లిఫ్టు ఎత్తనే ఎత్తదు, లేదా ఎత్తి దిగదు. మేనల్లుడు పక్క మూత దగ్గర బోర్లా పడుకుని టార్చి వేసి, "ఇంకాస్త వెనక్కి మామయ్యా, ఆఁ, ఇప్పుడు దించండి" అంటూ వుంటే నేను గొలుసు వదిలాను. నా జన్మలో యంత్రానికి నేను చేసిన సేవ అదొక్కటే గనక చెప్పుకుంటున్నాను.

మూడోనాటి సాయంత్రం కొత్త నూనె పోసి, గొర్రు తగిలించి ఎత్తారు. తల ఊపులు లేవు. ఇంజను ఆపి, దిమ్మలు పెట్టి, గొర్రు ఎత్తు ఎంతవరకు వున్నదో మేనల్లుడు పక్కనున్న గోడమీద సుద్దతో గీత గీశాడు. ఆ రాత్రి బావగారు మూడుసార్లు లాంతరు పట్టుకుని వెళ్ళి చూసి వచ్చారని అక్కయ్య చెప్పింది. కరెంటు వుండగా లాంతరు ఎందుకో ఆమెకూ తెలియలేదు.

తెల్లవారి చూస్తే గీతకు రెండు వేళ్ళు కిందుగా వున్నది. బావగారి మొహం చిన్నబోయింది.

"రాత్రంతా చెయ్యెత్తి నిలబడమంటే మీరు నిలబడతారా అయ్యగారూ?" అన్నాడు మేస్త్రీ, కూలి డబ్బు లెక్కపెట్టుకుంటూ. "ఈ పాటి దిగడం దీని జాతిలోనే వున్నది. ఆ దిమ్మలు మాత్రం పొయ్యిలో పెట్టకండి."

అక్కయ్య అప్పటికే వాటిమీద కన్నువేసి వున్నదని నాకు తెలుసు. ఆమె వంటింట్లోకి వెళ్ళి, చీలిన చెప్పు తెచ్చి, ఆ దిమ్మల పక్కనే గోడకు మేకు కొట్టి తగిలించింది.

ఎనిమిది గంటలకు బావగారు పొలానికి బయలుదేరారు. మిట్టమధ్యాహ్నం అన్నం పట్టుకుని నేనే వెళ్ళాను. గట్టు మలుపు దగ్గర గొర్రు పైకి లేచింది, తిరిగింది, దిగింది. ఆయన నన్ను చూడలేదు. మామిడిపళ్ళు మాత్రం ఈ ఏటికి అయిపోయాయి.