బాటిల్ మీద 14, కడుపులోకి 28

మా తమ్ముడికి టైప్ 1 షుగర్. ఇంటర్ సెకండియర్‌లో బయటపడింది. ఏం తిన్నా ముందు అందులో ఎన్ని గ్రాముల కార్బోహైడ్రేట్ ఉందో లెక్కేసి, దానికి తగ్గట్టు ఇన్సులిన్ తీసుకోవాలి. వాడికి డాక్టర్ ఇచ్చిన లెక్క 10 గ్రాములకు ఒక యూనిట్. (ఇది వాడి ఒంటికి ఇచ్చిన లెక్క. మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే వాళ్ల డాక్టర్ చెప్పిందే పాటించాలి.)

అన్నం, ఇడ్లీ దగ్గర వాడు ఆరితేరిపోయాడు. బోల్తా పడింది బాదం పాల దగ్గర. మే నెల ఎండ, బస్టాండ్, చల్లటి బాటిల్. వెనక్కి తిప్పి చూస్తే కార్బోహైడ్రేట్ 14 గ్రా. అని ఉంది. ఒకటిన్నర యూనిట్ వేసుకుని తాగేశాడు. తాగే ముందు 150 ఉన్న మీటరు రెండు గంటల తర్వాత 240 చూపించింది. "అక్కా, లేబుల్ అబద్ధం చెప్పింది" అని ఫోన్. ఫొటో పెట్టరా అన్నా. లేబుల్ నిజమే చెప్పింది పాపం. పట్టిక పైన చీమ తలకాయంత అక్షరాల్లో '100 మి.లీ.కి' అని ఉంది. బాటిల్ ఏమో 200. అంటే వాడు తాగింది 28 గ్రాములు.

ఆ రోజు నుంచి ఫ్రిజ్‌లో ఉన్న పాల సరుకులన్నీ తిప్పి చదవడం నాకో పిచ్చి అయింది. మొదట తికమక పెట్టింది మూడు లైన్లు: కార్బోహైడ్రేట్ 14, టోటల్ షుగర్స్ 13, యాడెడ్ షుగర్స్ 8. నేను మూడూ కూడేశాను! అలా కూడకూడదు. 14లోనే ఆ 13 ఉంది, 13లోనే ఆ 8 ఉంది. 8 అనేది బయటి నుంచి కలిపిన పంచదార. మిగిలిన 5 పాలలో పుట్టుకతో ఉండే లాక్టోజ్. అందుకే 'నో యాడెడ్ షుగర్' అని రాసిన పాల ప్యాకెట్ మీద కూడా సున్నా కనిపించదు. ఇన్సులిన్ లెక్కకి కావాల్సింది మాత్రం మొదటి లైనే.

పల్చటి పాలు తాగితే షుగర్ పెరగదని మా పిన్ని గట్టి నమ్మకం. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6. తేడా అక్కడే. లాక్టోజ్ రెండిట్లోనూ 100 మి.లీ.కి 5 గ్రాముల దగ్గరే ఉంటుంది. లాక్టోజ్ ఫ్రీ పాలదీ అదే కథ: ఎంజైమ్ వేసి లాక్టోజ్‌ని గ్లూకోజ్, గెలాక్టోజ్‌గా విడగొడతారు తప్ప కార్బ్స్ ఎక్కడికీ పోవు. పైగా కాస్త తియ్యగా ఉంటాయి. మన తోడు పెరుగు కొంచెం నయం, లాక్టోజ్‌లో కొంత పులుపుగా మారిపోతుంది కాబట్టి.

ఇక ఆ ఐఎన్‌ఎస్ నంబర్లు. చూడగానే కెమిస్ట్రీ ల్యాబ్ గుర్తొచ్చి భయమేస్తుంది కదా? 412 అంటే గ్వార్ గమ్, మన గోరుచిక్కుడు గింజల్లోంచి వచ్చేదే. 440 పెక్టిన్, పండ్ల తొక్కల నుంచి. 407 సముద్రపు నాచు నుంచి. పాలు విరిగినట్టు విడిపోకుండా, చిక్కగా కనిపించడానికి వీటిని చిటికెడు వేస్తారు, కార్బ్ లెక్క పెద్దగా మారదు. 102 మాత్రం కృత్రిమ పసుపు రంగు, కొందరికి పడదు. 1442 కనిపిస్తే అది మార్పు చేసిన పిండి పదార్థం.

నంబర్లకి జడుసుకునే మనం, నంబరే లేని మాల్టోడెక్స్‌ట్రిన్‌ని చూసీచూడనట్టు వదిలేస్తాం. పిండి పదార్థం నుంచి చేసే పొడి అది. నోటికి పెద్దగా తీపి తగలదు, చాలావరకు షుగర్స్ లైన్‌లోకీ రాదు, కానీ రక్తంలో గ్లూకోజ్‌ని పంచదారలాగే గబగబా పెంచేస్తుంది. అది దొరికేది కార్బోహైడ్రేట్ లైన్‌లోనే. 'షుగర్ ఫ్రీ' కుల్ఫీలో వాడే మాల్టిటాల్ (965) కూడా కొంత పెంచుతుంది. రెండు కుల్ఫీలు లాగిస్తే కడుపు ఉబ్బరం బోనస్.

ఇప్పుడు తమ్ముడు ఏ బాటిల్ తెచ్చినా మొత్తం లెక్క కట్టి, మూత మీద స్కెచ్ పెన్‌తో రాసి ఫ్రిజ్‌లో పెడతాడు. నిన్న లస్సీ బాటిల్ మూత మీద 32 అని ఉంది. దాని కింద అమ్మ చేతిరాత: 'సగం నాది'.