హంతకుడి ఊరివాళ్లు

2016 జులై 26, మంగళవారం. ఫ్రాన్స్‌లో రువాన్ నగరాన్ని ఆనుకుని ఉన్న సెంతెతియెన్-ద్యు-రువ్రే పట్టణంలో పొద్దుటి బలిపూజ. వచ్చింది గుప్పెడుమంది, సిస్టర్లూ వృద్ధులూ. పూజ జరిపిస్తున్న ఫాదర్ జాక్ హామెల్‌కు 85 ఏళ్లు. ఐసిస్ పేరు చెప్పుకున్న ఇద్దరు 19 ఏళ్ల కుర్రాళ్లు లోపలికొచ్చి, బలిపీఠం దగ్గరే ఆయన గొంతు కోశారు.

వయసులో ఉండగా అల్జీరియాలో సైనిక సేవ తప్పనిసరైతే, ఆఫీసరు హోదా వద్దన్న మనిషి ఆయన. ఆఫీసరైతే చంపమని ఎవరికో ఆజ్ఞ ఇవ్వాలి కదా! 1958లో గురువయ్యాడు. 75 నిండాక విశ్రాంతి తీసుకోవచ్చు, తీసుకోలేదు. పోప్ ఫ్రాన్సిస్ ఆ సెప్టెంబరులోనే ఆయన్ని వేదసాక్షి అన్నారు. పునీతుడిగా ప్రకటించాలా వద్దా అన్నది రోము చూసుకుంటుంది. మనం చూసుకోవలసింది ఆ పట్టణాన్ని.

అక్కడి మసీదు నిలబడ్డ స్థలం క్యాథలిక్ పారిష్ ఇచ్చిందే. హంతకుల్లో స్థానికుడైనవాడికి అంత్యక్రియలు జరపబోమని మసీదు పెద్దలు తేల్చి చెప్పారు. ఆ ఆదివారం ఫ్రాన్స్ అంతటా ముస్లింలు చర్చిలకు వెళ్లి పూజలో కూర్చున్నారు. క్రైస్తవులు తలుపులు తీసే ఉంచారు. తర్వాత ఫాదర్ చెల్లెలు ఆ హంతకుల్లో ఒకడి తల్లిని వెతుక్కుంటూ వెళ్లింది. ఇద్దరూ స్నేహితులయ్యారు.

నా లెక్కలో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. శవాన్ని కాదనడం తేలిక, వాడు మావాడు కాదనేస్తే సరిపోతుంది. కొడుకు చేసిన పాపానికి ఊరంతా వేలెత్తి చూపుతున్న తల్లి పక్కన, అన్నను పోగొట్టుకున్న మనిషి వెళ్లి కూర్చోవడానికి ఎంత గుండె కావాలి!

మనమేం చేస్తున్నాం? ఎక్కడో హత్య జరిగితే ముందు పేరు చూస్తాం, ఆ పేరులో మతం వెతుకుతాం. చచ్చినవాడు మనవాడైతే కొవ్వొత్తులూ ఊరేగింపులూ. చంపినవాడు మనవాడైతే మాత్రం ‘పూర్తి వివరాలు రానివ్వండి’ అని గొంతు తగ్గిస్తాం. ఆ రెండో సందర్భంలోనే కదా గొంతు లేవవలసింది. పరాయి మతం చేసిన తప్పును ఖండించడానికి ధైర్యం అక్కర్లేదు, పైగా చప్పట్లు పడతాయి. సొంతవాళ్ల మధ్య లేచి నిలబడితే ఒక్కరూ కొట్టరు.

ఈసారి ఎవడో చేసిన హత్యకు వాడి మతాన్నంతటినీ తిట్టే మెసేజ్ మీ కుటుంబ గ్రూపులోకి వస్తే, పెట్టింది సొంత మేనమామే అయినా, ‘అది తీసెయ్యి మామయ్యా’ అని అందరూ చూసేలా రాయండి. నాలుగు రోజులు మాట్లాడడేమో. మాట్లాడకపోనీ.