చేపు ఇంజెక్షన్: భయం ఒకచోట, తప్పు మరోచోట

విజయవాడ వన్ టౌన్‌లో గేదెపాలు పోయించుకునే ఇళ్లల్లో ఒక అనుమానం తరచూ వినిపిస్తుంది. గేదెలకు ఇంజెక్షన్లు వేసి పాలు పిండుతున్నారంట, ఆ పాలు తాగితే ఆడపిల్లలు తొందరగా పెద్దమనిషి అవుతారంట, నిజమేనా అని.

ఆ ఇంజెక్షన్ ఆక్సిటోసిన్. తల్లి శరీరంలో సహజంగా ఊరే హార్మోన్ ఇది. 1953లో అమెరికా శాస్త్రవేత్త విన్సెంట్ డు విగ్నో దీన్ని ల్యాబ్‌లో తయారుచేశారు, 1955లో నోబెల్ అందుకున్నారు. దూడ మూతి తగలగానే గేదె చేపేది ఈ హార్మోన్ వల్లే. దూడ చచ్చిపోయినా, పాలు మిగులుతాయని దూడను దూరం పెట్టినా గేదె చేపదు. అప్పుడు సూది బయటికొస్తుంది.

పిల్లల గురించి పెట్టుకున్న భయానికి మాత్రం ఆధారం తక్కువ. ఆక్సిటోసిన్ మాంసకృత్తుల జాతి పదార్థం, కడుపులో అరిగిపోతుంది. పాల ద్వారా వెళ్లి ఆడపిల్లల ఎదుగుదలను మారుస్తుందని రుజువు కాలేదు.

అంతమాత్రాన ఆ పాలవ్యాపారం సరైనదైపోదు. కాన్పు నొప్పులు తెప్పించే మందు ఇది. అలాంటిది పూటపూటా పొడిస్తే గేదెకు గర్భసంచి బిగుసుకుంటుంది. అలవాటుపడ్డ గేదె సూది లేకపోతే చేపడం మానేస్తుంది. పాలు తాగనివ్వని దూడ, ముఖ్యంగా మగదూడ, ఎండిపోయి చచ్చిపోతుంది.

మోసం సంగతి వేరే ఉంది. సూదితో చేపే గేదెను ఆ మాట దాచి అమ్మితే కొన్న రైతు మునుగుతాడు. అమ్మే ముందు పాలు పితకకుండా పొదుగు నిండుగా చూపించడాన్ని ప్రవక్త ముహమ్మద్ (స) నిషేధించారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. సూది దాచి అమ్మడం దానికి ఎంత దూరం?

చట్టం లేక కాదు. పశుహింస నివారణ చట్టం, 1960లోని సెక్షన్ 12 కింద వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండేళ్ల వరకు జైలు, లేదా రెండూ. పాడి పశువులకు ఆక్సిటోసిన్ ఎక్కించడం ఈ సెక్షన్ కింద నేరమేనని ఢిల్లీ హైకోర్టు 2024 మేలో మళ్లీ చెప్పింది. కానీ వెయ్యి రూపాయలంటే ఇవాళ మంచి పాడిగేదె రెండు మూడు రోజుల పాల డబ్బు. దానికి ఎవరు భయపడతారు?

అలాగని మందునే కట్టడి చేస్తే దెబ్బ తగిలేది ప్రసూతి వార్డుకు. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగడానికి డాక్టర్లు ముందుగా ఇచ్చేది ఇదే. పశువుల దగ్గర దుర్వినియోగం అవుతోందని 2018 ఏప్రిల్‌లో కేంద్రం ప్రైవేటు కంపెనీల తయారీని ఆపి, కర్ణాటక యాంటీబయాటిక్స్ అనే ఒక్క ప్రభుత్వరంగ సంస్థకే అప్పగించాలని చూసింది. ఒక్కచోట తయారీ ఆగితే దేశమంతా బాలింతల ప్రాణం మీదికొస్తుంది. ఆ ఏడాది డిసెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. విషయం సుప్రీంకోర్టుకెళ్లింది, 2019లో పెద్ద ధర్మాసనానికి చేరింది. గేదెను కాపాడబోయి బాలింతను గాలికొదిలేసే పని అది. పట్టుకోవాల్సింది దొంగచాటుగా పశువుల పాకలకు చేరే లేబుల్ లేని సీసాలను.

సూది లేకుండా చేపించడం పాడి రైతులకు తెలియనిది కాదు. దూడను ముందు వదలడం, పొదుగు గోరువెచ్చటి నీళ్లతో కడగడం, దాణా పెట్టి రోజూ ఒకే మనిషి పితకడం. కాస్త టైం పడుతుంది, పాలు కొంచెం తగ్గుతాయి, రేటు పెరుగుతుంది. రంజాన్‌లో షీర్ ఖుర్మాకు లీటర్లకు లీటర్లు కావాలని, అదీ పాత రేటుకే కావాలని అడిగే ఇళ్లకు ఇందులో వాటా లేదనలేం. పాలు పోసే అతన్ని "సూది వేస్తున్నావా భాయ్" అని అడిగితే లేదనే అంటాడు. "దూడ బతికుందా, ఎన్ని పాలు వదులుతున్నావు" అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.