హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన కార్ల పందెం

కార్ల పందెం అనగానే మన ఇళ్లలో పెద్దవాళ్లు అనే మాట ఒకటే: "పెట్రోలు తగలెయ్యడానికి కాకపోతే దేనికిరా అది?" ఆ మాటలో సగం నిజం ఉందని మేమూ ఒప్పుకుంటాం. కానీ 2023 ఫిబ్రవరి 11, శనివారం నాడు హైదరాబాదులో పరుగెత్తిన 22 కార్లలో ఒక్క చుక్క పెట్రోలు లేదు. అన్నీ కరెంటు కార్లే. ఫార్ములా ఈ అనే ప్రపంచ పోటీ మన దేశానికి రావడం అదే మొదటిసారి. ఆ పందేన్ని ఊళ్లో ఉన్నవాళ్ల కంటే బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పెరుగుతున్న మనమే బాగా అర్థం చేసుకోగలమని మా వాదన. ఎలాగో చెబుతాం.

ముందు పందెం సంగతి. నెక్లెస్ రోడ్డు, సచివాలయం చుట్టుపక్కల మామూలు రోడ్లకే అటూ ఇటూ గోడలు కట్టి 2.83 కిలోమీటర్ల దారి తయారుచేశారు. మన స్టేషన్ పెద్ద ప్లాట్‌ఫారం పొడవు దాదాపు 800 మీటర్లు కదా, అలాంటివి మూడున్నర కలిపితే ఎంతో అంత. అందులో 18 మలుపులు. మొదటి స్థానంలో బయలుదేరినవాడు జాగ్వార్ జట్టు డ్రైవర్ మిచ్ ఎవాన్స్. కొంతసేపటికి ఒక ఇరుకు మలుపు దగ్గర అతన్ని గుద్దింది ఎవరో కాదు, సొంత జట్టువాడే, శామ్ బర్డ్. ఒకే జట్టు కార్లు రెండూ ఒకే దెబ్బకు పోయాయి. ఇంట్లో అన్నదమ్ములు గొడవపడి టీవీ పగలగొట్టుకున్నట్టు!

చివరికి ముందు మిగిలినవాడు ఫ్రాన్స్ దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్. వెనకాలే న్యూజిలాండ్ కుర్రాడు నిక్ కాసిడీ. అసలు ఆట ఇక్కడుంది. వెర్న్ బ్యాటరీలో మిగిలిన కరెంటు కాసిడీకి మిగిలినదాని కంటే తక్కువ. గట్టిగా తొక్కితే గీత దాటకముందే బ్యాటరీ ఖాళీ. తొక్కకపోతే వెనకవాడు దాటిపోతాడు. వెర్న్ ఎక్కడ వదలాలో అక్కడ వదిలి, ఎక్కడ అడ్డం నిలబడాలో అక్కడ నిలబడి, అర సెకను కూడా లేని తేడాతో గెలిచాడు. మూడోవాడుగా గీత దాటిన సెబాస్టియన్ బుయెమీ అనుమతించిన దానికంటే ఎక్కువ శక్తి వాడాడని శిక్ష వేసి వెనక్కి నెట్టారు. ఆ స్థానం ఆంటోనియో ఫెలిక్స్ డ కోస్టాకు వచ్చింది. ఈ ఆటలో వేగంగా పోయినవాడి మీటరు కూడా చూస్తారన్నమాట. మాకు నచ్చింది అదే.

ఇప్పుడు మన సంగతి. కోర్బా నుంచి బొగ్గు నింపుకుని వచ్చే గూడ్సు బండి నాలుగు వేల టన్నులకు పైమాటే. దాన్ని లాగే డబ్ల్యూఏజీ-9 ఇంజనుకు రీజనరేటివ్ బ్రేకింగ్ ఉంది. పల్లంలో డ్రైవర్ ఆ బ్రేకు వేస్తే మోటార్లే జనరేటర్లుగా మారి, పుట్టిన కరెంటును పైనున్న తీగలోకి తిరిగి పంపుతాయి. దగ్గరలో మరో బండి ఉంటే దాన్ని వాడుకుంటుంది. నోటేడ్చి పవర్ తీసేసి బండిని దాని ఊపు మీద పోనివ్వడాన్ని మన నాన్నలు కోస్టింగ్ అంటారు. హైదరాబాదులో వెర్న్ చేసింది కూడా సరిగ్గా ఈ రెండే. ఆ కార్లలో వెనక చక్రాలను ఆపేది మోటారే. పందెంలో ఖర్చయ్యే శక్తిలో దాదాపు 40 శాతం అలా బ్రేకు వేసినప్పుడు తిరిగి వచ్చినదేనని చెబుతారు. తేడా ఏమిటంటే వాళ్ల కరెంటు బ్యాటరీలోకి పోతుంది, మనది తీగలోకి పోతుంది. వాళ్లకు షాంపేన్ బుడ్డి, మనవాళ్లకు నైట్ డ్యూటీ!

అమెరికాలో స్టాక్ కార్ రేసులని ఉన్నాయి. మొదట్లో అవి జనం కొనుక్కునే మామూలు కార్లతోనే జరిగేవి. 1979 ఫిబ్రవరి 18న డేటోనాలో జరిగిన పందెం చివరి చుట్టులో ముందున్న ఇద్దరూ, డానీ ఆలిసన్, కేల్ యార్‌బరో, ఒకరినొకరు గుద్దుకున్నారు. చాలా వెనక ఉన్న రిచర్డ్ పెట్టీ వచ్చి గెలిచాడు. కార్లు దిగాక అక్కడే గడ్డిలో కొట్లాట జరిగింది. మొదటి నుంచి చివరి దాకా టీవీలో ప్రత్యక్షంగా చూపించారు కాబట్టి, మంచు పడి ఇళ్లలో చిక్కుకున్న జనమంతా చూశారు. ఇప్పటికీ ఆ పందెం అనగానే గెలుపు కంటే కొట్లాటే ముందు చెబుతారు. హైదరాబాదు పందేనికీ ఇదే జరిగింది. మర్నాడు పేపర్లలో సినిమావాళ్ల, క్రికెట్‌వాళ్ల ఫొటోలు. తర్వాత ట్రాఫిక్ మీద తిట్లు. 2024 ఫిబ్రవరిలో జరగవలసిన రెండో పందెం ఒప్పందం దగ్గర తేడా వచ్చి రద్దయింది, వ్యవహారం విచారణల దాకా వెళ్లింది. డబ్బు సంగతి పెద్దలు తేల్చుకోవాలి. వెర్న్ ఎలా నడిపాడన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు.

మళ్లీ పెట్టాలా? ఈ వ్యాసం రాస్తున్న మాలోనే రెండు మాటలున్నాయి. కొందరం పెట్టాలంటాం. కొందరం, ఊరి నడుమ రోడ్లు మూసేస్తే ఆసుపత్రికి పోయేవాళ్ల గతేమిటని అడుగుతాం. ఇద్దరం కలిసి ఒప్పుకున్నది ఒకటుంది: ఊరికి దూరంగా పక్కాగా ట్రాక్ కట్టినా అది చాలదు. గ్రేటర్ నోయిడాలో కట్టిన ట్రాక్ మీద ఫార్ములా వన్ 2011 నుంచి 2013 దాకా మూడేళ్లే జరిగింది. మూడుసార్లూ వెటెల్ గెలిచాడు, అంతటితో సరి. అతిథులు వచ్చి పోయే పెళ్లిపందిరిలా కాక, మన పిల్లలు పాల్గొనేలా ఉంటేనే ఏదైనా నిలుస్తుంది. కోట్లు అక్కర్లేదు. అందరికీ ఒకే రకం మోటారు, ఒకే బ్యాటరీ ఇచ్చి, బడి గ్రౌండులో ఎక్కువ చుట్లు తిరిగిన బొమ్మ కారు గెలిచినట్టు అనుకుంటే చాలు. మన అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న ఏ కేంద్రీయ విద్యాలయంలోనైనా ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. బదిలీ మీద వేరే ఊరికి వెళ్లినవాళ్లు అక్కడి బడిలోనూ అదే కొలతలతో ఆడొచ్చు, ఫలితాలు పోల్చుకోవచ్చు.

దీనికి ముందు ఒక పని చేయండి. మీ నాన్నగారో, పక్క క్వార్టరు మావయ్యగారో మూడు ఫేజుల ఇంజను నడుపుతుంటే, ఒక ట్రిప్పులో ఎన్ని యూనిట్లు వాడారు, ఎన్ని తిరిగి ఇచ్చారు అని అడగండి. ఇంజను తెర మీద రెండు అంకెలూ కనిపిస్తాయి. రాసి మా పదకొండో తరగతి గదిలో ఇవ్వండి, వచ్చే సంచికలో పట్టిక వేస్తాం.