హనీమూన్‌లో స్కూబా ఏ రోజున?

మాఘమాసం ముహూర్తాలు మొదలైతే భిలాయ్ సెక్టార్లలో తెలుగు ఇళ్ల ముందు పందిళ్లు లేస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఉక్కు కర్మాగారంలో పనికొచ్చి స్థిరపడిన కుటుంబాల్లో ఇప్పుడు మూడో తరం పెళ్లి చేసుకుంటోంది. తాతల కాలంలో పెళ్లయ్యాక ప్రయాణమంటే అన్నవరం వెళ్లి సత్యనారాయణ వ్రతం చేసుకురావడం. మనవలకు అది అండమాన్. రాయ్‌పుర్‌లో విమానమెక్కి, దారిలో ఇంకోటి మారి శ్రీవిజయపురం చేరతారు. అక్కడి నుంచి ఓడలో స్వరాజ్ ద్వీప్. 2018 దాకా దాని పేరు హేవ్‌లాక్. రాజమండ్రి పాత వంతెన పేరూ అదే కాబట్టి ఆ పేరు తెలుగువాళ్లకు కొత్త కాదు. అయితే వంతెన పేరులో ఉన్నది మద్రాసు గవర్నరు, ద్వీపం పేరులో ఉన్నది సైన్యాధికారి. ఇద్దరూ వేరు.

ఈ యాత్రలో అందరూ ఎదురుచూసేది స్కూబా డైవింగ్ రోజు. ఈత రాకపోయినా చాలామంది దిగుతారు. పక్కన శిక్షకుడు ఉంటాడు, వీపున సిలిండర్ ఉంటుంది, లోతు 12 మీటర్లకు మించదు. నీళ్లలో కాంతి వంగడంవల్ల చేపలు మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి. ఎరుపును నీరు ముందుగా పీల్చేస్తుంది కాబట్టి పెళ్లికూతురి చేతి గోరింటాకు అయిదారు మీటర్ల లోతుకే నల్లబడుతుంది. ఎక్కడో పడవ చప్పుడు వినిపిస్తుంది, ఏ వైపు నుంచో తెలియదు. నీళ్లలో శబ్దం గాలిలోకన్నా నాలుగు రెట్లకు పైగా వేగంగా వస్తుంది కాబట్టి రెండు చెవులకూ ఇంచుమించు ఒకేసారి చేరుతుంది. అలాంటి రోజును వద్దనడం ఎవరికీ తగదు. అభ్యంతరం ఆ రోజును టూర్ ప్యాకేజీలో ఎక్కడ పెడుతున్నారన్న దానిపైనే.

సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది. 12 మీటర్ల దగ్గర ఒంటిమీద ఉండేది ఒడ్డున ఉన్నదానికి రెండింతల పైన, 2.2 వాతావరణాలు. సిలిండర్‌కు బిగించిన రెగ్యులేటర్ గాలిని సరిగ్గా అదే పీడనంతో అందిస్తుంది. 1943లో ఫ్రాన్స్‌లో కూస్తో, గాన్యాన్ రూపొందించిన పరికరం గొప్పతనం అదే. ఊపిరితిత్తుల్లోకి వెళ్లే గాలిలో 78 శాతం నత్రజని. పీడనం పెరిగితే ద్రవంలో కరిగే వాయువూ అదే నిష్పత్తిలో పెరుగుతుందని విలియం హెన్రీ 1803లోనే చూపించాడు. కాబట్టి లోతున గడిపినంతసేపూ నత్రజని రక్తంలోకి, కండరాల్లోకి, కొవ్వులోకి కరుగుతూనే ఉంటుంది. పైకి వచ్చాక అది బయటికి పోవాలి. నెమ్మదిగా వస్తే ఊపిరి ద్వారా పోతుంది. హడావిడిగా వస్తే గోలీసోడాలో గోలీ నొక్కినప్పటిలా బుడగలు కడుతుంది.

భిలాయ్‌వాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. దేశంలో రైళ్లు పరిగెత్తే పట్టాల్లో ఎక్కువ భాగం అక్కడ తయారైనవే. కరిగిన ఉక్కులో హైడ్రోజన్ కరిగి ఉంటుంది. అది లోపలే ఉండిపోతే గట్టిపడ్డాక పట్టా కడుపులో సన్నని పగుళ్లు పుడతాయి. పట్టాల ఉక్కులో హైడ్రోజన్ పది లక్షల భాగాలకు 1.6 భాగాలు దాటకూడదని రైల్వే నియమం. అందుకే ఉక్కు ఇంకా ద్రవంగా ఉండగానే దానిమీద పీడనం తగ్గించి వాయువును బయటికి లాగేస్తారు. ఈ వాక్యూమ్ పద్ధతి స్థిరపడక ముందు అనేక దేశాల్లో పట్టాలను మూసిన పెట్టెల్లో, గుంతల్లో గంటల తరబడి నెమ్మదిగా చల్లార్చేవారు. వాయువు తన తీరికను బట్టి బయటికి పోవాలి, దాన్ని తొందరపెట్టకూడదు. 1908లో జె.ఎస్. హాల్డేన్ మేకలను పీడన గదుల్లో పెట్టి పరీక్షించి, డైవర్లు దశలవారీగా పైకి రావాలని చెప్పింది కూడా ఇంచుమించు ఇదే. ఉక్కు, మనిషి ఒకటి కాకపోవచ్చు, కాలం అడిగే విషయంలో మాత్రం దగ్గరే.

ఇక విమానం సంగతి. ఎగిరే విమానం క్యాబిన్‌లో ఉండేది నేలమీది పీడనం కాదు. అది సుమారు 8,000 అడుగుల కొండమీద ఉండేటంత, అంటే ముప్పావు వాతావరణం దాకా తగ్గవచ్చు. ఒంట్లో ఇంకా మిగిలిన నత్రజనికి అది మళ్లీ గోలీ నొక్కడమే. అందుకే డైవింగ్ వైద్య నిపుణులు ఒక్కసారి మునిగితే కనీసం 12 గంటలు, ఒకటికన్నా ఎక్కువసార్లు లేదా వరసగా కొన్ని రోజులు మునిగితే కనీసం 18 గంటలు విమానం ఎక్కవద్దంటారు. ఇప్పుడు లెక్క చూడండి. చివరి రోజుకు ముందు సాయంత్రం 4 గంటలకు రెండో డైవ్ ముగించి, మర్నాడు ఉదయం 7 గంటలకు విమానమెక్కితే మధ్యలో ఉన్నది 15 గంటలే. ఒక్క డైవ్ అయితే సరిపోయేది, రెండింటికి చాలదు. ఇంత చిన్న కూడిక టికెట్లు బుక్ చేసే కంప్యూటర్‌కు కష్టమేమీ కాదు. ఆ కూడిక చేయమని దాన్ని అడిగేవాళ్లు లేరు.

నిజం చెప్పాలంటే 12 మీటర్లలో అరగంట లోపు ఒక్క డైవ్‌తో ఈ జబ్బు రావడం అరుదు. ఆ అరుదుతనమే ఇంకో ఇబ్బంది తెస్తుంది. భుజం నొప్పి, విపరీతమైన నీరసం, చర్మంమీద మచ్చలు, కాళ్లలో తిమ్మిరి. పెళ్లి పనులు, ప్రయాణాలు, నిద్రలేమి తర్వాత ఇవి ఎవరికి ఉండవు? లక్షణాలు చాలావరకు 24 గంటల్లోపే కనబడతాయి, ఆపాటికి జంట భిలాయ్ చేరి ఉంటుంది. ఉక్కు నగరంలో వైద్యులకు కార్బన్ మోనాక్సైడ్ బాధితుణ్ని గుర్తుపట్టడం తెలుసు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో కూర్చుని "నిన్న నీళ్లలో మునిగారా?" అని అడగాలని తట్టకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. చెప్పాల్సింది రోగే. చెబితే వెంటనే స్వచ్ఛమైన ఆక్సిజన్ పెట్టడం తొలి చికిత్స. 2021లో దేశమంతా ఆక్సిజన్ కోసం అల్లాడినప్పుడు ట్యాంకర్లలో పంపిన ఊరికి అది కొరత కాదు. ఆ తర్వాత కావలసింది పీడన గది. మన దేశంలో ఈ వైద్యంలో ఎక్కువ అనుభవం నౌకాదళానిది.

కార్బన్ మోనాక్సైడ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2014 జూన్‌లో భిలాయ్ కర్మాగారం పంప్‌హౌస్‌లోకి బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్ చొరబడి ఆరుగురు చనిపోయారు. రంగూ వాసనా లేని ఆ వాయువు ఉండే చోటికి మీటర్ లేకుండా వెళ్లకూడదని అక్కడ కొత్తగా చేరిన కార్మికుడికీ తెలుసు. అదే ఇంటి కుర్రాడు సముద్రంలో నోట్లో పెట్టుకునే గాలి ఎక్కడిదని అడగడు. సిలిండర్లు నింపే కంప్రెసర్ గాలి పీల్చే గొట్టం పడవ ఇంజన్ పొగకు దగ్గరగా ఉంటే అదే విషవాయువు సిలిండర్‌లోకి చేరుతుంది. అంతర్జాతీయ ప్రమాణాల్లో దాని పరిమితి పది లక్షల భాగాలకు 5 నుంచి 10 భాగాలు మాత్రమే. 12 మీటర్ల లోతులో పీల్చే పది భాగాలు ఒడ్డున పీల్చే ఇరవై రెండింటితో సమానం. గాలి పరీక్ష ఎప్పుడు చేయించారని ఒక్క మాట అడగడానికి మొహమాటం దేనికి?

మొహమాటం అసలు పనిచేసేది ఆరోగ్య పత్రం దగ్గర. ఆస్తమా ఉందా, మూర్ఛలు వచ్చాయా, చెవికి ఆపరేషన్ అయిందా, గర్భం ఉండే అవకాశం ఉందా అని అందులో ప్రశ్నలుంటాయి. ఇరుకైన గాలిగొట్టాల్లో చిక్కిన గాలి పైకి వచ్చేటప్పుడు వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చగలదు, అందుకే ఆస్తమా గురించి అడుగుతారు. ఊపిరి బిగబట్టకూడదన్న మొదటి సూత్రం కూడా ఇందుకే. 10 మీటర్ల దగ్గర నిండుగా తీసుకున్న 6 లీటర్ల గాలి పైకొచ్చేసరికి 12 లీటర్లు కావాలని చూస్తుంది. లోతు తక్కువ కాబట్టి ఫర్వాలేదనుకోవడం పొరపాటు, గాలి పరిమాణం అన్నిటికన్నా వేగంగా మారేది పైనున్న ఆ పది మీటర్లలోనే.

ఆ పత్రాన్ని ఎక్కడ నింపిస్తారంటే చాలాసార్లు ఒడ్డున, దిగే ముందు, డబ్బు కట్టేశాక, పక్కన కొత్త పెళ్లికొడుకో పెళ్లికూతురో నిలబడి చూస్తుండగా. సంబంధం చూసేటప్పుడు చిన్ననాటి ఆయాసం సంగతి చెప్పకుండా దాచిన ఇళ్లు మనలో లేవా? పెళ్లయి పది రోజులు కాకముందే, ఆ చూపుల మధ్య "అవును" అనే గడిలో టిక్కు పెట్టే ధైర్యం ఎందరికి ఉంటుంది? ఆ పత్రం టికెట్‌తోపాటే, పెళ్లికి ముందే, ఇద్దరికీ విడివిడిగా, తెలుగులోనో హిందీలోనో ఫోన్‌కు రావాలి. ఎవరికి వారు నింపుకోవాలి, కావాలంటే తమ డాక్టర్‌ను అడగాలి. దిగకూడదని తేలితే కారణం రెండోవాళ్లకు తెలియకుండా డబ్బు వెనక్కి రావాలి.

గాలివాన వస్తే, పడవలు ఆగితే డైవింగ్ వాయిదా పడుతుంది, ముందే రోజు ఎలా ఖాయం చేస్తామని ఏజెంట్లు అంటారు. ఆ మాట సబబే. వాయిదా పడినది చివరి సాయంత్రానికి జరిగితే దాన్ని రద్దు చేసి డబ్బు తిరిగివ్వాలన్న షరతును పర్యాటక శాఖలు లైసెన్సులోనే రాయవచ్చు. వోచర్‌మీద "చివరి డైవ్ ముగిసిన గంట, విమానం గంట" అని రెండు గడులు అచ్చు వేయించడానికి ఖర్చేమీ లేదు. అయిదు రోజుల యాత్రలో డైవింగ్‌ను రెండో రోజున పెట్టి, షహీద్ ద్వీప్ ఇసుకను, సెల్యులార్ జైలును చివరికి ఉంచితే చాలు. జైలు చూడటానికి ఆరోగ్య పత్రం అక్కర్లేదు.