లారీలు వెళ్లాయి, నీరు మిగిలింది

2025 జనవరి 1 రాత్రి భోపాల్‌లోని పాత యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి 12 కంటైనర్ లారీలు పీథంపూర్‌కు బయలుదేరాయి. 40 ఏళ్లుగా అక్కడే పడివున్న 337 టన్నుల విష వ్యర్థాన్ని 4 వారాల్లో తొలగించాలన్న మధ్యప్రదేశ్ హైకోర్టు ఆదేశం మేరకు ఈ తరలింపు జరిగింది. ఆ వార్త చదివి మనలో చాలామందిమి భోపాల్‌కు పీడ వదిలిందనుకున్నాం. అయితే లారీల్లో వెళ్లింది గోదాములో మూటకట్టి ఉంచినది మాత్రమే.

1984 డిసెంబరు 2-3 రాత్రి గాలిలో కలిసిన విషం అందరికీ తెలుసు. నీటిలో కలిసినది వేరు. అది అంతకు ముందే మొదలైంది. కర్మాగారం పురుగుమందుల వ్యర్థాలను తన ఆవరణలోనే గుంటల్లో పారబోసేది. 1977లో కర్మాగారం వెలుపల, ఉత్తరాన, వ్యర్థజలం ఎండకు ఆవిరయ్యేందుకు ప్లాస్టిక్ పొర పరిచిన చెరువులు కట్టారు. అవి కారుతున్నాయని 1982 నాటి కంపెనీ అంతర్గత సందేశాలే చెబుతున్నాయి. అంటే ఆ రాత్రి గ్యాస్ వెలువడకపోయినా చుట్టుపక్కల బస్తీల నీరు చెడిపోయేదే.

నాగపూర్‌లోని నీరి, మన హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కలిసి 2010 ప్రాంతంలో ఆ నేలను పరిశీలించాయి. శుభ్రపరచవలసిన మట్టి సుమారు 11 లక్షల టన్నులని తేల్చాయి. 337 టన్నులెక్కడ, 11 లక్షల టన్నులెక్కడ! ప్రతి వానాకాలం నీరు ఆ మట్టిలోకి ఇంకుతుంది, విషాన్ని కొంత కరిగించుకుని భూగర్భజలంలో చేరుతుంది. వ్యర్థాన్ని పీథంపూర్‌లో కాల్చినంత మాత్రాన ఈ ప్రవాహం ఆగదు.

అక్కడి స్త్రీలు ఏళ్ల తరబడి చేతిపంపుల నుంచే బిందెలు నింపుకున్నారు. వుజూకు, వంటకు, పసిపిల్లల పాలలో కలపడానికి అన్నింటికీ అవే నీళ్లు. తాగరాదని కొన్ని పంపులకు ఎర్రరంగు పూశారు. వేరే నీరు ఇవ్వకుండా రంగు పూస్తే దాహం తీరుతుందా? శుద్ధమైన నీరు సరఫరా చేయాలని సుప్రీంకోర్టు 2004లో ఆదేశించింది. గొట్టాలు వేయడానికి ఆ తర్వాత కూడా ఏళ్లు పట్టాయి.

మనలోనూ పటాన్‌చెరు వంటి పారిశ్రామికవాడల పక్కన బోరుబావిపై ఆధారపడి బతుకుతున్న కుటుంబాలున్నాయి. మన ఇళ్లలో ఒక నమ్మకం స్థిరపడింది: కాచి వడపోస్తే ఏ నీరైనా మంచిదే. సూక్ష్మక్రిముల విషయంలో కాచడం నిజంగా పనిచేస్తుంది. సీసం, పాదరసం వంటి లోహాలు మాత్రం మరిగినా పోవు. నీరు ఇగిరిన కొద్దీ మరింత చిక్కబడతాయి. క్లోరోఫారం వంటి ద్రావకాలు ఆవిరిగా లేచి వంటగది గాలిలో చేరతాయి.

ఫిల్టరు అమ్మవచ్చినవాడు టీడీఎస్ మీటరు ముంచి, అంకె చూపి "నీళ్లు బాగున్నాయమ్మా" అంటాడు. ఆ మీటరు కొలిచేది నీటి విద్యుత్ వాహకతను, దాన్నిబట్టి కరిగిన లవణాల అంచనాను. పరిశ్రమల ద్రావకాలు దానికి కనబడవు. కనుక బోరు నీటిని ప్రయోగశాలకు పంపేటప్పుడు "తాగవచ్చా?" అని అడిగి ఊరుకోకుండా, దగ్గరలో ఏ కర్మాగారం ఉందో, లోహాలకు, ద్రావకాలకు విడిగా పరీక్ష కావాలని చీటీపై రాసి ఇవ్వండి. వేసవిలో ఒకసారి, వానలు తగ్గాక మరోసారి నమూనా తీయించండి. ఫలితం వచ్చేదాకా తాగడానికి, వంటకు వేరే నీరు వాడండి.